వెయ్యికి ఒకటి తక్కువ

“ఇంకొక్కసారి వెతకండక్కా, మీకు పుణ్యముంటుంది!”

శాస్త్రవేత్త లైబ్రేరియన్‌ను బతిమాలింది. ఆమె పేపర్లను ఇతర శాస్త్రవేత్తలు ఎన్నిసార్లు ఉదహరించారో లైబ్రేరియన్ అప్పటికి మూడుసార్లు లెక్కపెట్టింది. తొమ్మిది వందల తొంభై తొమ్మిది. వెయ్యి చూపిస్తేనే ఆమె ల్యాబ్ నిలబడుతుంది. ఇంకో గంటలో నిధులిచ్చే కమిటీ ముందుకు వెళ్లాలి.

“ఒక్కటంటే ఒక్కటి దొరికినా చాలక్కా.”

“జాబితాలో చివరి పేపర్ ఎప్పుడూ సున్నాయే కదా అని నేను చూడలేదమ్మా.”

“దాని మొహం! పదేళ్లుగా సున్నాయే.”

లైబ్రేరియన్ తెర మీద ఆ పేపర్ తెరిచి చూసింది. “సున్నా కాదు. నిన్న ఎవరో ఉదహరించారు.”

ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. “బతికించారు! ఎవరట?”

“పిల్లల ఆసుపత్రి డాక్టర్లు.” లైబ్రేరియన్ కళ్లద్దాలు సవరించుకుని చదివింది. “‘ఈ మందు కిడ్నీలను దెబ్బతీస్తుందని పదేళ్ల కిందటే ఒకరు రాశారు. శీర్షికలో మందు పేరు లేకపోవడంతో అది మా కంటబడలేదు. మా దగ్గర నలుగురు పిల్లలు చనిపోయారు.’”

శాస్త్రవేత్త తెరను తనవైపు తిప్పుకుంది.

“ఇది మీకు పేరు తెచ్చిన మందేగా అమ్మా? మీ మొదటి పేపర్లో దీన్ని పొగిడినందుకేగా ఆరొందల సార్లు ఉదహరించారు? మరి ఈ పేపర్ శీర్షికలో దాని పేరెందుకు పెట్టలేదు?”

“పెడితే… ఆ మొదటిదాన్ని ఇక ఎవరూ ఉదహరించరని.”

లైబ్రేరియన్ ఆమె మొహంలోకి చూడలేదు. కమిటీకి పంపాల్సిన కాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసింది.

“వెయ్యి అని రాయనా అమ్మా?”