పంపు ఆపాక

వెంట్రుకకన్నా వేల రెట్లు సన్నని గొట్టాల్లో పారే నీటికి, గోడల్లోని ఎలక్ట్రాన్లే కళ్లెం వేస్తాయని నిరూపించడం ఆ పరిశోధకురాలి పని. ఇంటికెళ్లేముందు పంపు ఆపి, మీటరులో సున్నా చూసి రాసుకోవడం ఆ ల్యాబు ఆచారం. ఈ రాత్రి సున్నా వస్తే కొలతలన్నీ సరైనవని తేలి ఆమెకు డాక్టరేటు. రాకపోతే నాలుగేళ్ల చదువే సున్నా. రాలేదు. గురువుగారికి ఫోను కొట్టింది.

“పంపు ఆపినా పారుతోంది సార్!”

“నాలుగేళ్లూ పారడం లేదని ఏడ్చావు, ఇప్పుడు పారుతోందని ఏడుపా? ప్లగ్గు పీకమ్మా!”

పీకింది. ముల్లు సున్నాకు దిగింది. రాసుకుంది. ఇద్దరూ పకపకా నవ్వారు.

“ఇక మీ కుళాయి కట్టేసుకోండి సార్, ఫోన్లో టప్ టప్‌మని వినిపిస్తోంది.”

“మా కుళాయికి నీళ్లొచ్చి మూడు రోజులైంది. ఆ చప్పుడు నీ దగ్గరనుకున్నానే!”

ఆ గొట్టాల్లోంచి ఏడాదంతా కారినా ఒక్క చుక్క కాదు. గదిలో కుళాయే లేదు. ఆమె ఫోను పెట్టేసింది.

టప్‌మని నోటుబుక్కులో చుక్క పడింది. ఇప్పుడే రాసిన సున్నా మెల్లగా పారడం మొదలుపెట్టింది.