ముట్టుకునే తొట్టి

“ఆ సీసాలో ఉప్పు నువ్వే కలిపావు” అన్నాడు సూర్యరాజు.

వరండా మెట్ల కింద నిలబడ్డ ఏసమ్మ చేతిలో సీసా దించలేదు. “నాకేం పనండి? ఇవి మా పేట బావి నీళ్ళు. గట్టు పక్కన మీరు రొయ్యల చెరువు తవ్వించిన దగ్గర్నించీ ఇలా ఉప్పు కషాయం అయిపోయాయి. బిందెడు మంచినీళ్ళకి కాలవ దాకా మూడు కిలోమీటర్లు నడుస్తున్నామండి.”

“అంత దూరం నడిచేదానివి, గుప్పెడు ఉప్పు కలపడానికి బద్ధకిస్తావా?”

కుర్చీలో కూర్చున్న ఆఫీసరు ఆ బావి మీద విచారణకే జీపులో వచ్చాడు. బావి దాకా వెళ్ళేవాడే గానీ, వానకి గట్టంతా బురదైంది, ఆయన బూట్లు కొత్తవి. అంచేత విచారణ వరండాలోనే, కాఫీ మీద కాఫీ తాగుతూ సాగుతోంది.

“సీసా సాక్ష్యం చెల్లదమ్మా. అందులో ఎవరైనా ఏదైనా కలపొచ్చు” అన్నాడాయన.

ఈ పూట ఫైలు మూశారంటే బావి గోడు మళ్ళీ వినే నాథుడుండడని ఏసమ్మకి తెలుసు. అందుకే ఎండ నెత్తికెక్కుతున్నా అక్కణ్ణించి కదల్లేదు.

సూర్యరాజుకి మాత్రం ఆవిడ గోల కంటే వాకిట్లో తొట్టి ముఖ్యం. ఐదేళ్ళ మనవరాలు కీర్తిప్రియ ఎక్కడో ఎగ్జిబిషన్‌లో, పిల్లలు చేత్తో నత్తల్నీ పీతల్నీ ముట్టుకునే ఉప్పునీళ్ళ తొట్టి చూసొచ్చింది. అలాంటిది ఇంట్లో కావాలని రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూటకి మేస్త్రీ వచ్చాడు. జానెడు లోతు, చెయ్యి గీరుకోకుండా గుండ్రటి అంచులు, అడుగున కడిగిన ఇసుక. నీళ్ళలోకి గాలి ఊదే మోటారు వైరు పిల్లకి అందనంత ఎత్తున గోడకి కొట్టించాడు. కరిచే పీత ఒక్కటి కూడా రాకూడదని తొట్టి కోసం బకెట్‌లో తెప్పించినవాటిని స్వయంగా ఏరాడు. మనవరాలి విషయంలో ఆయన అంత జాగ్రత్త మనిషి.

“మీ చెరువు నీళ్ళు పోస్తే పోయేదిగా రాజుగారూ?” అన్నాడు ఆఫీసరు.

“అబ్బే, చెరువుకి మందులు కొడతాం సార్. పిల్ల చెయ్యి పెడితే ఇంకేమైనా ఉందా? అందుకే పొద్దున్నే మా ముసలయ్యని మొగ దగ్గరికి, ఏరు సముద్రంలో కలిసేచోటికి పంపాను.”

ఏసమ్మకి ఒళ్ళు మండిపోయింది. “మీ పాప చెయ్యి పెట్టకూడని నీళ్ళు మా పిల్లల బావి పక్కన పెట్టారాండి?”

“నోరు లేచిందంటే గేటు బయటికి గెంటిస్తాను. ముసలయ్యదీ మీ పేటే. పదేళ్ళుగా నా చెరువు కాపలా కాస్తున్నాడు. ఏనాడైనా బావి అన్నాడా, గీవి అన్నాడా? మీకే వచ్చాయి రోగాలు.”

మాటల్లోనే గేటు చప్పుడైంది. మధ్యాహ్నం దాటితే గానీ రాడనుకున్న ముసలయ్య నాలుగు డ్రమ్ములతో రిక్షా తొక్కుకుంటూ వచ్చేశాడు.

“పెందరాళే వచ్చావే. గుడ్డలో వడగట్టావా?”

“ఆయ్” అన్నాడు ముసలయ్య. ఆ ఇంట్లో ఆయన నోట ఇంకో మాట విన్నవాళ్ళు లేరు.

డ్రమ్ములు వంచారు. తొట్టి నిండింది. సూర్యరాజు నీళ్ళలో ఉప్పు కొలిచే సెలినిటీ మీటరు తెచ్చి, గాజు మీద ఒక చుక్క వేసి, వెలుగుకేసి పెట్టి చూశాడు.

“పదకొండు” అన్నాడు అందరికీ వినబడేలా. “వానకి కాస్త పలచబడింది గానీ, ఏటి రొయ్యకి సరిగ్గా ఇదే కావాలి సార్.”

బకెట్‌లోని రొయ్య పిల్లల్నీ, నత్తల్నీ, శంఖాలు మోసుకు తిరిగే చిన్న పీతల్నీ తొట్టిలో వదిలాడు. కీర్తిప్రియ మోచేతుల దాకా చేతులు ముంచింది. ఒక రొయ్య పిల్ల వేళ్ళ మధ్య నుంచి దూసుకుపోతే కిలకిలా నవ్వింది.

సూర్యరాజు ఏసమ్మ వైపు తిరిగాడు. “కళ్ళు తెరుచుకుని చూడు. వంటింటి ఉప్పు కలిపిన నీళ్ళయితే ఈ రొయ్య పిల్లలు పావుగంటలో చచ్చి తేలేవి. ఇది మనిషి కలిపిన ఉప్పు కాదు. పాతికేళ్ళుగా ఈ నీళ్ళతోనే బతుకుతున్నవాణ్ణి, నా దగ్గరా నీ సీసా నాటకాలు?”

ఏసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సీసా మెట్టు మీద పెట్టేసింది.

పావుగంట గడిచింది. ఒక్క రొయ్య పిల్ల కూడా తేలలేదు. ఆఫీసరు తొట్టి దగ్గరికి వచ్చి, వంగి చూసి, తనూ ఒక వేలు ముంచాడు. ఆ వేలు తుడుచుకుని ఫైలు తెరిచి, ‘ఫిర్యాదులో పస లేదు’ అని రాయడానికి పెన్ను మూత తీశాడు.

“నీళ్ళు బాగున్నాయండీ. మావాడికీ ఇలాంటిది కట్టించాలి. ఏ వైపు ముంచాడో కనుక్కోండి.”

“వాడే చెబుతాడు సార్. చెప్పరా, మొగలో ఎక్కడ ముంచావు?”

ముసలయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఒకసారి ఏసమ్మ వైపు చూశాడు.

“మొగ దాకా వెళ్ళలేదండి. మా పేట మంచినీళ్ళ బావిలో తోడానండి.”