పేరు కింది వాక్యం

నలుగురూ వాడుకునేలా వదిన రాసిన ఫోటోల కోడ్ లైబ్రరీలో ‘సర్దు’ అనే మెథడ్, అంటే పేరుతో పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క, ఉంది. అదే ఆఫీసులో చేరిన మరదలు దాని పేరు మార్చింది. ఆ మార్పును తిరస్కరించే బటన్ మీద వదిన వేలు ఆగి ఉంది.

"ఆఫీసంతా నిన్ను నెత్తిన పెట్టుకుంటోందిగా. ఇన్నేళ్లూ ఎవరికీ కనిపించని లోపం నీ కంటికే కనిపించిందా?"

"నాకు కాదు వదినా, మీ లైబ్రరీ వాడే ఫోటో స్టూడియో వాళ్లకి. వరుసలో పెడుతుందనుకుని ‘సర్దు’ వాడారు. పాత ఫోటోలన్నీ పోయాయి."

"అది చేసే పనే అది. కోడ్ చదువుకోవద్దూ?"

"పేరు చదివారు."

మరదలు పెట్టిన పేరు ‘పాతవి శాశ్వతంగా చెరుపు’. అందులో వంక పెట్టడానికి వదినకు ఒక్క అక్షరమూ దొరకలేదు. ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా దహించింది అదే.

"ఇంత చక్కటి మాట నీకెలా తట్టింది?"

"నాకేం తట్టలేదు. మెథడ్ కింద మీరు రాసిన వివరణే. దాన్ని పైకి తెచ్చానంతే."

వదిన తెరను కిందికి జరిపి చూసింది. వాక్యం తనదే. రాసిన సంగతే మరిచిపోయింది.

"వీటిని ఎవరూ చదవరనుకున్నాను."

"నేను అన్నీ చదివాను. కొన్నిచోట్ల వాడేవాళ్లని తిట్టారు కూడా."

వదిన పక్క కుర్చీని దగ్గరికి లాగింది.

"కూర్చో. తిట్లు ఉంచుదాం. పేర్లు మార్చుదాం."