తిన్నటి గీత

తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. మైకు వాడుకోవచ్చా అని అడిగింది. ఎలీయేజరు ‘సరే’ నొక్కాడు.

గొంతు రికార్డు చేసే ఈ ప్రోగ్రాంను పెదబయలు బడిలో ధనుంజయ్ మాస్టారు దగ్గర చూశాడు. అప్పట్నుంచీ మనసు దాని మీదే. అడిగి పెన్‌డ్రైవ్‌లో వేయించుకొచ్చి, కూతురి పాత లాప్‌టాప్‌లో ఎక్కించాడు.

కిటికీ బయట కాఫీ తోటను మంచు కమ్మేసింది. ఒకప్పుడు క్రిస్మస్ పాటలు ఎత్తుకునే గొంతు ఎలీయేజరుదే. ఇప్పుడు పాటల బృందం ఈ గడప తొక్కడం లేదు. వచ్చే ఒకరిద్దరూ ఆయన్ను చూసి ఓ నవ్వు నవ్వి, వంటింట్లో భార్య ఆనందమ్మతో కబుర్లకు కూర్చుంటారు.

ఏ మైకు కావాలో ఎంచుకోమంది. ఎంచుకున్నాడు. ఎర్రచుక్క నొక్కాడు. సన్నటి గీత ఒకటి తెర మీద బయలుదేరింది.

“స్తోత్రం” అన్నాడు.

గీత ఎగిసి ఎర్రరంగులోకి పోయింది. మైకు జోరు తగ్గించి మళ్లీ అన్నాడు. ఈసారి కొండల వరసలా చక్కగా లేచింది. తనలో తనే నవ్వుకున్నాడు.

భుజం మీద చెయ్యి పడింది. వెనక్కి తిరిగాడు. ఆనందమ్మ, గ్లాసుతో.

“ఏటి సేత్తన్నావు? కాఫీ సల్లారిపోతంది, బేగి తాగు.”

ఎలీయేజరు ఆత్రంగా తెర వైపు చూశాడు. గీత తిన్నగా ఉంది.

“ఏదీ, ఇంకోసారి అను.”

“సెప్పేను కదా, సల్లారిపోతందని.”

గీత కదల్లేదు.

మైకు తీగ ఊడదీసి మళ్లీ పెట్టాడు. సెట్టింగులన్నీ మొదట్నుంచీ చూసుకున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

“దీనికేదో రోగమొచ్చింది” అని గొణిగాడు. గీత లేచింది.

ఆనందమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది. దానికీ లేచింది.

“దాంతో నీకేటి పని?” అందామె, జాలిగా.

గీత తిన్నగా సాగిపోయింది.

ఎలీయేజరు ఒక్క చప్పట కొట్టాడు. గీత నిలువెత్తున లేచి పడింది.

జ్వరంలో తన రెండు చెవులూ పోయాక, పెదవులు చూసి మాటలు పోల్చుకునే తనతో ఆనందమ్మ వాటిని మాత్రమే కదుపుతోందనీ, ఆ మాటలకు గొంతు కలపడం ఎప్పుడో మానేసిందనీ ఆయనకు అప్పుడే తెలిసింది.