చీటీకి అవతలి పక్క

"ఈ చీటీ వెనక ఉన్నది నా పేరేనంకుల్," అంది జెస్లిన్.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవుల చీట్లు సంచిలో పోగుచేస్తున్న డీకన్ సంతోషం గారి చెయ్యి ఆగింది. కెనడాలోని మిస్సిసాగాలో ఆయనకు కిరాణా షాపుంది. ఉద్యోగం కోసం మన స్టూడెంట్లు ఇచ్చిపోయే రెజ్యూమేలు రోజుకో దొంతర అవుతాయి. ఒక పక్క తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడానికి ఆయనకు మనసొప్పదు. చీట్లుగా కత్తిరించి చర్చికి తెస్తారు.

"చదివాక కత్తిరించారా అంకుల్, చదవకుండానా?"

అబద్ధమాడే చోటు కాదది. "షాపులో ఖాళీ లేదమ్మా," అన్నారు మెల్లగా. "ఉన్నవాళ్లకే పని అవర్స్ తగ్గించాను."

"ఆ ముక్క ఆరోజే చెప్పాల్సింది. మీరు ఫోన్ చేస్తారని ఐదు నెలలు చూశాను."

"వేరే చీటీ ఇస్తాను, ఉండు." చేతిలోని ఖాళీ చీట్ల కట్టలోంచి ఒకటి లాగారు. దాని వెనక ఇంకెవరిదో డిగ్రీ, ఇంకెవరిదో ఊరు.

జెస్లిన్ అందుకోలేదు. "ఎందుకులెండి. నేను రాసిన పక్క కూడా ఉద్యోగమే ఉంది," అని తన చీటీనే సంచిలో వేసింది.

"మనవులు చదివి ప్రార్థించండి, బ్రదర్," అన్నారు పాస్టరుగారు.

సంతోషం గారు సంచిలోంచి ఒక చీటీ తీశారు. ఇన్నేళ్లలో మొదటిసారి ముందుగా అచ్చు ఉన్న పక్క చూశారు. కత్తెర ఆ పేరును సగానికి కోసేసింది.

"ప్రభువా," అన్నారు. తర్వాత ఏ పేరు చెప్పాలో తెలియలేదు.

ప్రార్థన అయిపోయిందనుకుని సంఘమంతా ఆమెన్ అంది.