చిన్న టర్బో చాలు

"అది వద్దు."

కౌంటరు మీదున్న, ఇంజనులోకి గాలి నెట్టే పెద్ద టర్బోను ఆమె అందుకోబోతుంటే, ముడతలు పడ్డ చెయ్యొకటి అడ్డొచ్చింది.

పాత కార్ల సామాన్లు అమ్మే కొట్టు అది. కౌంటరు పక్కనే, టైరు మీద కూర్చుని ఉన్నాడో ముసలాయన. చేతిలో టీ గ్లాసు, ప్యాంటు నిండా గ్రీజు మరకలు.

"మీరెవరండీ?" అంది చిరాగ్గా.

"పట్టించుకోకండి మేడం," కొట్టు యజమాని నవ్వాడు. "తాత రోజూ వస్తాడు. టీ నాది, సలహా ఆయనది."

ఆమెకు ఒళ్ళు మండింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పడం ఆమె ఉద్యోగం. రోజంతా పక్క సీట్లో కూర్చుని, బండి ఇరవై దాటకుండా బ్రేకు మీద కాలేసి ఉంచాలి. కార్ల గురించి దారిన పోయే మగవాళ్ళు చెప్పే పాఠాలు ఆమె చాలానే విని ఉంది.

"బయటున్న నీలం కారుకేనా?" అడిగాడు తాత.

"ఔను."

"రెండు తలుపుల బుజ్జి కారది. దానికింత టర్బోనా? చంటిపిల్లకి అమ్మమ్మ చీర చుట్టినట్టుంటుంది."

"నాకు వేగం కావాలి."

"ఎక్కడ?"

చెప్పకూడదనుకుంటూనే చెప్పేసింది. "వచ్చే నెల కొండ మీద పందెం ఉంది."

ఆ కారు నాన్నది. ఏటా ఆ పందెంలో కొండెక్కేవాడు. అమ్మ చెయ్యి పట్టుకుని తను కింద నిలబడి, చెట్ల వెనకాల ఇంజను చప్పుడు సన్నబడిపోయేదాకా వినేది. దిగొచ్చాక నాన్న బోర్డు మీద అందరికన్నా పైనున్న పేరునోసారి పైకి చదివి, పక్కనున్న టైము చూసి నవ్వేవాడు.

"రెండు సెకన్లే తల్లీ. వచ్చే ఏడాది చూడు."

వచ్చే ఏడాదులన్నీ అయిపోయాయి. నాన్న కూడా వెళ్ళిపోయాడు. ఆ రెండు సెకన్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

"ఎవరితో పోటీ?" అన్నాడు తాత.

"ఎవరితోనూ కాదు. బోర్డు మీద ఒక రికార్డుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎవరూ కొట్టలేదు. అది కొట్టాలి."

తాత టీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే కూర్చో."

ఎందుకో తెలీదు, కూర్చుంది.

"పెద్ద టర్బో ఆలస్యంగా లేస్తుంది. నువ్వు మలుపు తిరిగి కాలు నొక్కుతావు. అది ఒళ్ళు విరుచుకుని లేచేలోపు ఇంకో మలుపొస్తుంది. ఆ కొండకి పద్నాలుగు మలుపులు. పిలిస్తే పలికేది కావాలి నీకు."

కొట్లో ఉన్న చిన్న టర్బోలన్నీ ముందేసుకున్నాడు. ఒక్కోదాని చక్రాన్నీ చిటికెనవేలితో తిప్పాడు. ఇరుసు పట్టుకుని ఊపి చూశాడు. మూడింటిని పక్కకు నెట్టేసి, నాలుగోది ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది తీసుకో. ఇరుసు గట్టిగా ఉంది."

రెండో శనివారం డ్రైవింగ్ స్కూలు చొక్కాతోనే, తనే వెతుక్కుంటూ వచ్చింది. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, పెట్రోలు ఎక్కువ అందించే ఇంజెక్టర్లు, ఇంజను అతుకు మధ్య వేసే రేకు గ్యాస్కెట్ ఏరిపెట్టాడు తాత. ఆమె పట్టుకున్న పాత ఆయిల్ పైపును మాత్రం లాక్కుని తుక్కులో పడేశాడు.

"బాగానే ఉంది కదా!"

"పైకి బాగానే ఉంటుంది, లోపలంతా మడ్డి. టర్బో పాతదైనా ఫరవాలేదు, పైపు కొత్తది కొను. నూనె అందకపోతే గంటలో చచ్చూరుకుంటుంది."

మూడో శనివారం మంచి బ్రేకులు ఏరి తీశాడు.

"ఇవెందుకు తాతా? నాక్కావాల్సింది వేగం."

"ఆగగలనన్న ధైర్యం ఉంటేనే కాలు కిందికి దిగుతుంది. నీ దగ్గర నేర్చుకునేవాళ్ళకి నువ్వు చెప్పేదీ అదే కదమ్మా?"

ఆమె పకపకా నవ్వింది. నాన్న పోయాక కార్ల గురించి మాట్లాడుతూ అంతలా నవ్వడం అదే మొదలు.

"పందేనికి రండి. మీ పేరు చెబితే పాసు రాయిస్తాను."

"నాకు పాసెందుకులే. ఆ జనంలో ఊపిరాడదు. వచ్చి టైము చెప్పు, చాలు."

ఆ పై వారం, పందెం నాటి ఆదివారం కారు కొండెక్కింది. ప్రతి మలుపు దాటాక, కాలు నొక్కీనొక్కగానే టర్బో ఈల వేసుకుంటూ లేచింది. పద్నాలుగో మలుపూ అలాగే దాటేసింది.

కింద బోర్డు దగ్గర, మనిషొకడు తడిగుడ్డతో పై వరుస తుడిచి ఆమె పేరు రాశాడు. పాత రికార్డు కన్నా సెకను తక్కువ.

"చూశావా నాన్నా," అనుకుంది. బోర్డు మీద అక్షరాలు మసకబారాయి.

మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి కొట్టుకు పరుగెత్తింది. షట్టరు సగం దించి ఉంది. టైరు మీద యజమాని ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"తాతేడీ? టైము చెప్పాలి!"

యజమాని లేచి నిలబడ్డాడు.

"శుక్రవారం పొద్దున పోయాడు మేడం. నిద్రలోనే. మీకు కబురు చేద్దామంటే నంబరు లేదు నా దగ్గర."

షట్టరుకు అంటించిన కాగితం మీద తాత ఫొటో ఉంది. దగ్గరికెళ్ళి, ఫొటో కింద ఉన్న పేరు చదివింది.

నిన్న తన పేరు రాయడానికి బోర్డు మీంచి తడిగుడ్డతో తుడిచేసిన పేరు అది.