పులివెందుల పూలంగడి

"మీ అంగడికి ఎదురుగా ఏముండాదమ్మా?" ఫోన్లో అడిగాడు రంగన్న.

"గండికోట అండీ," అంది అవతలి అమ్మాయి, ఏమాత్రం తడుముకోకుండా.

రంగన్న ఠక్కున పెట్టేశాడు. పులివెందులలో పూలంగడి అట, ఎదురుగా గండికోట అట! బస్సులో పోతే రెండు గంటల పైన దారి. అబద్ధమైనా కాస్త అతికినట్టు చెప్పొద్దా?

పొద్దుటి నుంచీ ఇది నాలుగో నంబరు. నెట్లో వెతికితే 'మీ ఊరి పూలంగడి' అంటూ ఊరికి అరడజను కనిపిస్తాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఫోనెత్తేవాళ్ల దగ్గర ఒక్క పువ్వు కూడా ఉండదు. ఆర్డరు పట్టుకుని, తమ వాటా ఉంచుకుని, ప్రొద్దుటూరులోని పెద్ద షాపుకు తోసేస్తారు. ఆ నంబర్లలో సగం ఆ షాపువాడే నడుపుతున్నాడని కూడా చెప్పుకుంటారు. వాడికి చల్లటి వ్యాను ఉంది, ఏ ఊరికైనా పూలు పంపుతాడు. జమ్మలమడుగు బస్టాండు పక్కన ఇరవై ఏళ్లుగా పూలు కట్టుకుని బతుకుతున్న రంగన్న దగ్గరికి మాత్రం ఇప్పుడు ఈగలు తప్ప ఎవరూ రావడం లేదు.

మిగిలిన పెద్ద బేరం వనజమ్మ ఒక్కతే. ఆమె ఇంట్లో ఏ శుభకార్యమైనా పూలు రంగన్నవే. ఇప్పుడామె కూతురికి సీమంతం. అదీ అత్తగారింట్లో, పులివెందులలో, రేపే. పూలజడ కావాలి. ఇక్కడ కుట్టి ఈ ఎండల్లో బస్సెక్కిస్తే, దిగేసరికి మల్లెలు మాడిపోతాయి.

"నీ చేత గాకుంటే చెప్పు రంగన్నా, నెట్లో కొట్టి తెప్పిచ్చుకుంటా," అనేసింది వనజమ్మ.

ఒక్కసారి నెట్లో కొట్టిందంటే ఇక ఆమె ఈ అంగడి వైపు తిరిగి చూడదు. రంగన్న గుండెల్లో రాయి పడింది. "ఆడ మనోళ్లు ఉండారు, నేను కుట్టిచ్చి పంపుతా," అని మాట ఇచ్చేశాడు. ఎవరూ లేరు. అందుకే ఈ వెతుకులాట. తనలాంటి చిన్న అంగడి, నిజమైనది, పులివెందులలో ఒక్కటి దొరికితే చాలు. ఈ బేరం వాళ్లకిస్తే రేపు వాళ్ల బేరం తనకొస్తుంది. మధ్యలో దళారీ ఉండడు.

ఐదో నంబరు కొట్టాడు. సుమతి పూలంగడి, పులివెందుల.

"ఎవరప్పా?" అంది ఒక ఆడగొంతు.

అండీ లేదు, గిండీ లేదు. రంగన్న చెవులు రిక్కించాడు. అయినా నమ్మలేదు. మన యాస నేర్పించి కూర్చోబెట్టి ఉంటారు, ఆ ముండాకొడుకులు ఎంతకైనా తగుదురు.

"అంగడికి ఎదురుగా ఏముండాది?"

"మందులషాపు. దాని పక్కన మున్వర్ టీ అంగడి. ఏం, టీ కావాల్నా ఏంది నీకు?"

"పూలు నువ్వే కడతావా?"

"దండ కడతా, జడ కుడతా. మా అమ్మ నేర్పిచ్చింది, నాకు ఏడేండ్లప్పుడు."

ఇక్కడే పట్టుకోవాలనుకున్నాడు రంగన్న. "అరటినారకు నూనె రాసి కడతావా, పొడిగానే కడతావా?"

అవతల పెద్దగా నవ్వు. "నూనె ఏందప్పా, దోసెలు పోసేదానికా? నార నీళ్లలో నానేయాల. లేకుంటే పుటుక్కున తెగుతాది. నువ్వు గూడా పూలు కట్టేవాడి మాదిరే ఉండావు. నన్ను పరీక్ష చేస్తాండావు కదూ?"

రంగన్న నాలుక కరుచుకున్నాడు. కానీ అనుమానం పెనుభూతం అన్నారు. ఇంకొక్కటి అడిగి తీరాల్సిందే.

"నార లాగి లాగి చెయ్యి యాడ కోసుకుంటాది?"

ఈసారి ఆమె నవ్వలేదు.

"చూపుడువేలు, గణుపు కాడ," అంది మెల్లగా. "ఆ మచ్చ యాడికి పోతాదప్పా? సచ్చేదాంకా ఉంటాది."

రంగన్న తన వేలు చూసుకున్నాడు. మచ్చ సరిగ్గా అక్కడే ఉంది. ఎవరో రాసిస్తే చదివే జవాబు కాదిది. ఈమె తన మనిషి.

"తప్పయిందమ్మా, ఏమనుకోవాకు. శానామంది మోసం చేస్తాండారు," అన్నాడు.

"తెలుసప్పా," అందామె.

ఇక అన్నీ చెప్పాడు. జడ నిండా మల్లెమొగ్గలు, నడుమ కనకాంబరాలు, కింద కుచ్చులు. రేపు తొమ్మిదికల్లా చేరాలి. వనజమ్మ పేరు, అల్లుడి ఇంటి అడ్రసు, ఇద్దరి ఫోన్ నంబర్లు, అన్నీ.

"నాకు మిగిలిన పెద్ద బేరం ఈమె ఒక్కతే తల్లీ. ఎట్లన్నా చేసి కాపాడు. ఇది ఆ ప్రొద్దుటూరోని చేతికి పోయిందంటే నేను అంగడి మూసుకోవాల్సిందే."

అవతల పెన్ను గీకే చప్పుడు ఆగిపోయింది.

"ఉండావామ్మా?"

"ఉండానప్పా. రాసుకుంటాండా. ఆయమ్మ నంబరు ఇంగోసారి చెప్పు."

చెప్పాడు. ఫోన్ పెట్టేసి, పొద్దుటి నుంచీ మొదటిసారి హాయిగా ఒళ్లు విరుచుకున్నాడు. వెంటనే వనజమ్మకు కొట్టి, "ఆర్డరు ఇచ్చేసినా. మనోళ్లే, నువ్వు నిమ్మళంగా ఉండు," అన్నాడు.

ప్రొద్దుటూరులో, ఆ పెద్ద షాపు మేడ మీద, ఫోన్లు ఎత్తే పదిమంది ఆడవాళ్ల వరసలో కూర్చున్న సుమతి, రెండేళ్ల కిందట బేరాలు లేక మూసేసిన తన అంగడి పేరు మీద వచ్చిన ఆ ఆర్డరును, వనజమ్మ నంబరుతో సహా కింది అంతస్తుకు పంపింది.